తిప్పి పంపని గేటు

ఆ పొద్దున అరుణశ్రీ ఆఫీసు మెట్లెక్కుతున్న తీరు చూస్తే ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకొచ్చిందేమో అనుకోవాలి ఎవరైనా. ఆఫీసంటే మరీ పెద్దదేం కాదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకు ఎదురుగా, చీరల దుకాణం మీద మూడో అంతస్తులో రెండు గదులు. కింద దుకాణంవాళ్లు అప్పుడే షట్టరెత్తి బొమ్మలకు చీరలు కడుతున్నారు. రోజూ ఆగి కాసేపు ఆ చీరల అంచులు చూసే పిల్ల, పోచంపల్లి నేతగాళ్ల ఇంటి బిడ్డ, ఆ రోజు అటు కన్నెత్తి కూడా చూడలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు ఆ రోజే మరి.

ఆ రెండు గదుల్లో నుంచి నడిచే వెబ్‌సైటు పేరు మార్కులమూట. హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కులు చూపిస్తుంది. యజమాని త్రినాథరావు తణుకు వైపు మనిషి. చైతన్యపురిలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లయినా ఆయన మాటలో గోదారి యాస ఇంకా తడారలేదు. పోయినేడు సరిగ్గా ఇదే రోజున ఆయన సైటు పొద్దున్నే కూలబడి సాయంత్రం దాకా లేవలేదు. పిల్లలు ఎక్కువై పడిపోయిందనుకుంటే పొరపాటు. దొంగలు పడేశారు దాన్ని. వేరే సైట్లవాళ్లు ప్రోగ్రాములు రాసి, వరసగా ఒక్కో నంబరూ కొట్టిస్తూ, బావిలో నీళ్లు తోడినట్టు మార్కులన్నీ తోడుకుపోయారు. ఈసారి కూడా అలాగే అయితే దుకాణం కట్టేసుకోవడమే అని త్రినాథరావు పది మందిలోనే అనేశాడు. అని, గేటు పని మొత్తం తెచ్చి అరుణశ్రీ చేతిలో పెట్టాడు.

గేటంటే లోడ్ బ్యాలెన్సర్. మార్కులు దాచుకున్న సర్వర్లు రెండు లోపల ఉంటాయి. వాటి ముందు నిలబడి, వచ్చినవాళ్లను అటొకరిని ఇటొకరిని పంపే మిషను ఇది. అరుణశ్రీ దానికి రెండు పనులు నేర్పింది. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద నుంచి క్షణానికి ఇన్నిసార్ల కంటే ఎక్కువ అడిగితే, ఒక పేజీ చూపించి వెనక్కి పంపెయ్యడం మొదటిది. వెళ్లే ప్రతి జవాబు మీదా, చూసేవాళ్ల కంటికి ఆనకుండా, ఏ సర్వరు ఇచ్చిందో చెప్పే చీటీ ఒకటి అతికించడం రెండోది. హెడర్ అంటారు దాన్ని. సర్వర్లకు తనే మగ్గం పేర్లు పెట్టింది, ఒకటి నిలువు పోగు పడుగు, రెండోది అడ్డ పోగు పేక. ఇవేం పేర్లమ్మా అని త్రినాథరావు నవ్వితే, “ఏ ఒక్కటి లేకున్నా బట్ట కాదు సార్,” అంది.

ఫలితాలు వచ్చాయి. అరుణశ్రీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు త్రినాథరావు. తెర మీద గీత మెల్లగా లేచింది, ఒక ఎత్తుకు వెళ్లి అక్కడే నిలిచింది. పోయినేడు ఈపాటికి కొండెక్కి దబ్బున కింద పడిన గీత. చీటీలు లెక్కపెట్టే రిపోర్టు తెరిచింది అరుణశ్రీ. సగం పడుగు, సగం పేక. విఫలమైనవి సున్నా.

“సున్నాయే?” అన్నాడు త్రినాథరావు.

“సున్నాయే సార్.”

“బాబోయ్! ఎంత నున్నగా ఉందో చూడండర్రా గీత. ఇస్త్రీ చేసినట్టుంది.” పక్క గదిలోవాళ్లను కేకేసి మరీ చూపించాడు. అరుణశ్రీకి ఒళ్లంతా గర్వం. ఉండదా మరి? బీటెక్ అయ్యాక ఒంటిచేత్తో చేసిన మొదటి పని అది. దాన్ని కప్పిపుచ్చుకోవాలని కూడా అనిపించలేదు ఆ పిల్లకు.

మొదటి ఫోను మేనమామ తిరుపతికి చేసింది. పోచంపల్లిలో మగ్గం అమ్మేసి వచ్చి ఎల్బీనగర్‌లో నెట్ సెంటర్ పెట్టుకున్నాడాయన. ఇది మా మేనకోడలు చేసిన సైటు, మార్కులు చూడాలంటే మా దగ్గరికే రాండ్రి అని వారం నుంచి దారినపోయే ప్రతి మనిషికీ చెబుతున్నాడు.

“మామా, మంచిగ ఒస్తున్నయా?”

అవతల గోలగోలగా ఉంది. “ఆఁ... ఒస్తున్నయ్ బిడ్డా. జనం మస్తుగున్నరు. మల్ల మాట్లాడ్త,” అని పెట్టేశాడు తిరుపతి.

సాయంత్రం ఇంటికి పోతూ ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగింది అరుణశ్రీ. అత్తామామలకు అరకిలో జిలేబీ కట్టించుకుని సాగర్ రోడ్డు సందులోకి తిరిగింది. ఆ సందులో నిలబెట్టిన బండ్లన్నిటికీ నంబరు ప్లేట్ల మీద ఏపీ కొట్టేసి టీజీ అని రాసి ఉంది, తిరుపతి పాత స్కూటరుతో సహా. ప్రత్యేక తెలంగాణ కోసం, పోలీసులు ఊరుకోరని తెలిసీ అలా రాసుకున్న రోజులవి.

నెట్ సెంటర్లో ఆరు సిస్టమ్‌లూ ఖాళీ. తిరుపతి ప్రింటరు విప్పి, ఎందుకో తెలియదుగానీ, లోపల గుడ్డతో తుడుస్తున్నాడు. మెట్టు మీద ఒక పిల్ల హాల్‌టికెట్ పట్టుకుని కూర్చుని ఉంది. అత్త లచ్చమ్మ జిలేబీ పొట్లం అందుకుందిగానీ విప్పలేదు.

“ఏందత్తా, గిట్లున్నరు?”

“మీ మామనే అడుగు.”

“ఏం లే బిడ్డా. పొద్దుగాల మా నెట్టు జర ఖరాబైంది.” తిరుపతి తల ఎత్తకుండానే అన్నాడు.

లచ్చమ్మకు ఒళ్లు మండింది. “ఖరాబా? ఏం ఖరాబు కాలే. మంచి నెట్టును పట్టుకుని పొద్దంత అందరికి అబద్ధం చెప్పిండు. పోరగాండ్లు తిడుతుంటే నవ్వుకుంట పడ్డడు. ఎందుకో ఎరికేనా? నీ సైటుకు మాట రావద్దని!”

అరుణశ్రీకి అర్థం కాలేదు. సున్నా కదా? మెట్టు మీది పిల్ల లేచి నిలబడింది. పేరు జ్యోతిక. హయత్‌నగర్ అవతలి ఊరు. మొదటి సంవత్సరం రాసిన తమ్ముడి మార్కులు చూడ్డానికి పొద్దున బస్సుకే వచ్చిందట. అరుణశ్రీ ఆ నంబరు తీసుకుని కొట్టింది. కళ్లు మూసి తెరిచేలోపు మార్కులు వచ్చాయి. తమ్ముడు పాసయ్యాడు.

జ్యోతిక సంతోషపడింది, ఆ వెంటనే కోపమొచ్చింది. “పొద్దుగాల్నించి పో పో అన్నది గదక్కా, ఇప్పుడెట్ల ఒచ్చింది?”

“పో అన్నదా? ఏమని ఒచ్చింది?”

“మీరు చాలాసార్లు అడిగారు, కాసేపాగి రండి అని ఒచ్చింది. నేను ఒక్కసారే అడిగిన అక్కా.”

ఆ వాక్యం అరుణశ్రీ రాసిందే. మర్యాదగా ఉండాలని ‘దయచేసి’ అనే మాట ఎక్కడ పెట్టాలో రెండు మూడుసార్లు మార్చి మరీ రాసింది. ఇప్పుడు తల తిప్పి గదంతా చూసింది. ఆరు సిస్టమ్‌లు, ఒకటే కనెక్షను. లోపల ఎంతమంది పిల్లలున్నా గేటుకు మాత్రం అందరూ కలిసి ఒక్క మనిషే. పైగా తిరుపతి పద్ధతి మనిషి, ఒక కాలేజీ పిల్లల హాల్‌టికెట్లన్నీ వరసగా పేర్చుకుని ఒకదాని తర్వాత ఒకటి కొడతాడు. దొంగ కొట్టేదీ అలాగే. ఇంట్లో కంప్యూటరున్న ప్రతివాడికీ మార్కులు వచ్చాయి, ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చి ఒక నెట్ సెంటర్లో గుంపుగా నిలబడ్డ పిల్లలందర్నీ తన గేటే తోసేసింది.

మరి రిపోర్టులో సున్నా ఎలా వచ్చింది? సిస్టమ్ ముందు కూర్చుని, కావాలనే టకటకా కొట్టి, తనను కూడా గేటు వెళ్లగొట్టేలా చేసుకుంది. వచ్చిన పేజీ లోపలికి తొంగి చూసింది. పడుగు లేదు, పేక లేదు. మార్కులు ఇచ్చిన జవాబులకే చీటీ అతుకుతోంది, వెనక్కి పంపిన పేజీకి గేటు ఏమీ అతికించడం లేదు. రిపోర్టు లెక్కపెట్టేది చీటీల్నే. అంటే వెళ్లగొట్టినవాళ్లు అసలు లెక్కలోకే రాలేదు. పొద్దున అందరూ చప్పట్లు కొట్టింది ఆ గీతకే.

“నాకెందుకు చెప్పలే మామా?”

“ఏం చెప్పాలె బిడ్డా? నువ్వు ఫోన్ల గంత సంబురంగ అడుగుతుంటివి.” తిరుపతి గుడ్డ మడతపెట్టాడు. “అయినా మనకు కొత్తనా? మనం ఏదడిగినా కాసేపాగి రాండ్రనేటోళ్లేనాయె.” అని తనే నవ్వాడు. అరుణశ్రీకి నవ్వు రాలేదు.

జ్యోతిక బస్సుకు కదులుతూ గుమ్మంలో ఆగింది. “అక్కా, ఎల్లుండి సెకండియర్ ఒస్తయ్ గద, నావి. అప్పుడు గూడ సాయంత్రం దాక కూసోవాల్నా?”

 అరుణశ్రీ అక్కడి నుంచే త్రినాథరావుకు ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. “చూడమ్మా, నువ్వు చెప్పేది నాకర్థమైంది. కానీ ఆ రూలు తీసేస్తే దొంగ మళ్లీ దూరతాడు, సైటు పడుద్ది, అప్పుడు ఎవరికీ రావు. రేపు ఎలాగూ బంద్. నువ్వేం ముట్టుకోకు. నడుస్తున్నదాన్ని కెలక్కు తల్లీ.”

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంది అరుణశ్రీ. కంచం పక్కకు నెట్టి లేచింది.

మర్నాడు తెలంగాణ బంద్. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద నిరసనగా వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, పప్పు వాసన సాగర్ రోడ్డు మలుపు దాకా వస్తోంది. డప్పుల దరువుకు పక్కవాడి మాట కూడా వినబడటం లేదు. మామ ఇంటికని బయల్దేరిన అరుణశ్రీని ఇద్దరు ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపారు. తినకుండా పోతే ఊరుకునేది లేదన్నారు.

లైన్లో నిలబడింది. జనం ఊళ్లకు ఊళ్లే వచ్చినట్టున్నారు. వడ్డించేది మాత్రం ఒక్కడే, బొద్దుగా ఉన్న అంతయ్య అనే వంటమనిషి. ఎవరు తొందరపెట్టినా ఆయన చెయ్యి తన తీరున తాను కదులుతోంది, ఒక విస్తరిలో ఒక గరిటె. ఒక పడుచువాడు తన విస్తరి నింపుకుని, స్నేహితుల కోసమని ఇంకో నాలుగు విస్తర్లు ముందుకు చాపాడు. అంతయ్య కసురుకోలేదు, లేదు పొమ్మనలేదు. “ఎనుకకు పోయి నిలవడు కొడుకా, నీ వంతుకు నీకు మల్ల పెడ్త,” అన్నాడు. వాడు లైను పొడుగు చూసి, నెత్తి గోక్కుని, ఆ నాలుగు విస్తర్లూ తెచ్చినచోటే పెట్టేశాడు.

అరుణశ్రీ చేతిలో విస్తరి అలాగే ఉంది. పొమ్మనడం ఎందుకు? నిలబెడితే చాలదా? ఎక్కువమంది వస్తే వెనక్కి తోసెయ్యమని తను గేటుకు చెప్పింది. అదే గేటుకు, వచ్చినవాళ్లను వరసలో ఆపి ఒక్కొక్కరినే వదలమని కూడా చెప్పొచ్చు. నెట్ సెంటర్లో పిల్ల నాలుగు క్షణాలు ఆగినా ఏం కాదు. దొంగకు కావలసినవి లక్షల నంబర్లు. ఒక్కో నంబరుకూ వాణ్ని వరసలో నిలబెడితే వాడి పని వారమైనా తెమలదు. పప్పన్నం ఆవురావురుమని తిని, చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి సందులోకి పరుగెత్తింది.

“మామా, షట్టరు సగం ఎత్తు. సిస్టమ్‌లన్ని ఆన్ చెయ్.”

గేటుకు మామ సిస్టమ్ నుంచే లోపలికి వెళ్లింది. మార్చాల్సిన పంక్తులు కొన్నే. వెంటనే తోసెయ్యమనే మాట తీసేసి, వరస పొడుగు పెంచాలి. పిల్లలు అడిగే పేజీని లెక్కలో ఉంచి, దానితోపాటు వచ్చి ఒక్కోటీ ఇంకోసారి అడిగినట్టు లెక్కకెక్కే బొమ్మల్ని లెక్కలోంచి తియ్యాలి. వెనక్కి పంపే పేజీకి కూడా చీటీ అతికించాలి. రాసినదాంట్లో గేటు చేతే తప్పులు వెతికించింది. ఒకచోట సెమికోలన్ పోయిందని అది చెప్పింది. దిద్దింది. ఇక మిగిలింది అమలు చెయ్యడమే. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. ముట్టుకోవద్దన్నాడు కదా ఆయన.

ఫోను తీసి చెప్పింది. “సార్, పాతది పక్కకు పెట్టుకున్న. మీరు వద్దంటే ఇది పెట్టను. కాని ఒక్కసారి మీరే చూడాలె.”

“ఆగు, వస్తున్నా,” అన్నాడు త్రినాథరావు.

చైతన్యపురి నుంచి నడిచే వచ్చాడు, భుజాన లాప్‌టాప్ సంచీతో. షట్టరు కింద నుంచి ఒంగి లోపలికి వచ్చేసరికి ఆయన మొహం చెమటతో తడిసిపోయి ఉంది, చొక్కా మీద పప్పు మరక. “మీవాళ్లు అన్నం పెట్టందే కదలనివ్వలేదమ్మా. నాది అటువైపు అని మాట్లాడితేనే తెలిసిపోతుందిగా, ఏమంటారోనని గుండె దడదడలాడింది. ఆకలైతలేదా అన్నా అని ఇంకో గరిటె వేశారు.” కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగాడు. తర్వాత లాప్‌టాప్ తీశాడు. “నేనూ ఖాళీగా రాలేదు. పోయినేడు దొంగలు ఎలా తోడారో అలాంటి ప్రోగ్రామే రాత్రి నేనూ రాశా. నా డేటాకార్డు మీద నుంచి కొడతా. ఈ దొంగను ఆపావంటే నీ మాట వింటా.”

అరుణశ్రీ కొత్త రూలు అమలు చేసింది. ఆరు సిస్టమ్‌ల ముందూ తిరుపతి, లచ్చమ్మ, పక్కింటి ఆడపిల్లలు కూర్చున్నారు. మొదటి సంవత్సరం నంబర్లే మళ్లీ కొట్టాలి.

“కొట్టుండ్రి!”

అందరూ ఒక్కసారే కొట్టారు. ఆరు తెరలూ తెల్లబడ్డాయి. చిన్న చక్రం తిరిగింది.  మొదటి తెర మీద మార్కులు వచ్చాయి, తర్వాత మూడో దాని మీద, ఆ తర్వాత మిగతావన్నీ. ఒక్కదాని మీద కూడా పొమ్మనలేదు. మళ్లీ కొట్టారు, మళ్లీ వచ్చాయి. లచ్చమ్మ ఈసారి ఊరికే ఇంకోసారి కొట్టింది, సరదాకి.

త్రినాథరావు తన దొంగను వదిలాడు. అది ఒక నంబరు తెచ్చింది, నిలబడింది, ఇంకొకటి తెచ్చింది. చిరాకేసి ఒకేసారి వంద దొంగల్ని వదిలాడు. వరస నిండిపోయి గేటు చాలామందిని తోసేసింది, మిగిలినవాళ్లు ఒకరి వెనక ఒకరు పాకుతున్నారు. ఇటు ఆరు సిస్టమ్‌ల మీద మార్కులు వస్తూనే ఉన్నాయి, కనెక్షన్లు వేరు కాబట్టి దొంగ లైను వేరు, వీళ్ల లైను వేరు. ఆయన తెర వంక చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

“ఏడిశాడు. ఈ లెక్కన వీడు దసరాకి కూడా తెమల్చలేడు.”

అరుణశ్రీ రిపోర్టు తెరిచింది. పడుగు, పేక కాక ఇప్పుడు మూడో గీత ఒకటి, ఎర్రది, కింద నుంచి లేచింది. గేటు తోసేసినవాళ్లు.

త్రినాథరావు ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. “నిన్న ఈ గీత ఉండుంటే ఎంత పైకి పోయేదో కదా,” అన్నాడు నెమ్మదిగా. “ఇస్త్రీ చేసినట్టుందని నేనే ఎగిరా.” సంచీ సర్దుకుంటూ అన్నాడు. “ఇదే ఉంచు. రేపు నువ్వు ఆఫీసుకు రాకు. ఇక్కడే కూర్చో. గీత సంగతి నేను చూసుకుంటా, మనుషుల సంగతి నువ్వు చూడు.”

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. మధ్యాహ్నానికి తిరుపతి నెట్ సెంటర్ ముందు లైను సందు మలుపు దాటింది. ఇటు సాగర్ రోడ్డు ఊళ్లు, అటు హయత్‌నగర్ ఊళ్లు. చున్నీలతో నెత్తి కప్పుకున్న ఆడపిల్లలు, గోళ్లు కొరుక్కునే మగపిల్లలు, వాళ్ల వెనక అయ్యలు, అమ్మలు. మొన్న తిట్టిపోయినవాళ్లు కూడా వచ్చారు, బంద్ తర్వాత దగ్గర్లో వేరే సెంటర్లేవీ ఇంకా తెరిచినట్టు లేవు. లోపల అరుణశ్రీ గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో లాప్‌టాప్, అందులో తెరిచి పెట్టిన రిపోర్టు.

ఫలితాలు విడుదలయ్యాయని ఎవరో అరిచారు. ఆరు సిస్టమ్‌ల మీదా ఒక్కసారే వేళ్లు పడ్డాయి. మొదటి దాని ముందు జ్యోతిక. తిరుపతి ఆమె నంబరు కొట్టాడు.

తెర తెల్లబడింది. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. నిన్నటి కంటే ఎక్కువ సేపే. ఇయ్యాల గేటు ముందు రాష్ట్రం మొత్తం నిలబడి ఉంది మరి.

లైన్లోంచి ఒకాయన ముందుకు తోసుకొచ్చాడు, ఖాకీ చొక్కా, ఆటో నడిపే భిక్షపతి. “నేను చెప్పలే? ఈన నెట్టు గింతే. మొన్న గూడ పొద్దంత నిలవెట్టి ఎల్లగొట్టిండు. నడుండ్రి, వేరే కాడ చూసుకుందం.”

నలుగురు కదిలారు. తిరుపతి నవ్వు మొహం పెట్టుకుని, చేతులు జోడించబోతూ, “అవునన్నా, మా నెట్టే జర...” అన్నాడు.

అరుణశ్రీ లేచి నిలబడింది. “మామా, నువ్వాగు.” గొంతు పెంచింది. “నెట్టు మంచిగనే ఉన్నది. మొన్న గూడ మంచిగనే ఉండె. మా మామ మీకు అబద్ధం చెప్పిండు, నన్ను కాపాడనీకి. ఆ సైటుకు గేటు పెట్టింది నేను.”

లైను మొత్తం ఆమె వైపు తిరిగింది. తిరుపతి, వద్దు బిడ్డా అన్నట్టు చెయ్యి ఊపాడు. భిక్షపతి ఆమెను కింది నుంచి మీది దాకా చూశాడు. “అంటే మొన్న నా కొడుకు మార్కులు చూడలేక ఇంటికాడ ఏడిసింది నీ వల్లనా?”

“అవునన్నా. నా వల్లనే.”

 అప్పుడే జ్యోతిక కేక పెట్టింది. ఆమె తెర మీద మార్కులు వచ్చాయి. రెండో తెర మీద వచ్చాయి, ఐదో తెర మీద, నాలుగో తెర మీద. ఎవరో పిల్ల పక్కపిల్లను పట్టుకుని ఏడుస్తోంది, సంతోషంతోనే. ప్రింటరు గరగరలాడింది. ఒక్క తెర మీద కూడా ఎవరినీ పొమ్మనలేదు.

భిక్షపతి అవన్నీ చూశాడు. చేతిలో చెమటకు మెత్తబడిన హాల్‌టికెట్, పెద్దబిడ్డది.

“మరి ఇయ్యాల?” అన్నాడు.

“ఇయ్యాల గూడ నా వల్లనే,” అంది అరుణశ్రీ.

“అయితే నా బిడ్డ నంబరు నువ్వే కొట్టు, మా వంతు ఒచ్చినంక,” అన్నాడాయన. తర్వాత, తిరుపతి చాపిన చేతిని దాటి, హాల్‌టికెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పోయి లైను చివర నిలబడ్డాడు.